ప్రైమరీ లెక్కలు – 4వ పాఠం: డిబేట్ మర్నాడు ఏం చూడాలి

ఈ వారం నేరుగా డిబేట్‌లలోకి దిగుదామనుకున్నాను, కుదరలేదు. పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను: 2020లో అమెరికా డెమోక్రాట్లు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి ఉన్న 24 మంది డెలిగేట్లని (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటు వేసే ప్రతినిధులని) ఓట్ల శాతాన్ని బట్టి పంచమని. జవాబు పంపినవాళ్లలో దాదాపు అందరూ 9-8-7 అని రాశారు. అసలు ఫలితం 9-9-6. సాండర్స్‌కి 9, బుటిజెజ్‌కి 9, క్లోబుచార్‌కి 6. ఇద్దరు సరిగ్గానే రాశారు కానీ, లెక్క చేసిన దారి చూస్తే జవాబు ముందు చూసి వెనక నుంచి కట్టుకొచ్చారని తెలిసిపోతోంది. నేనూ మొదటిసారి అదే పని చేశాను కాబట్టి ఏమీ అనను.

తప్పులో సగం నాది. 24 మంది డెలిగేట్లు అని ఒకే అంకె ఇచ్చి ఊరుకున్నాను. ఆ 24 ఒక బుట్టలో ఉండవు. నాలుగు బుట్టల్లో ఉంటాయి: ఒకటో నియోజకవర్గానికి 8, రెండో నియోజకవర్గానికి 8, రాష్ట్రం మొత్తానికి 5, మళ్లీ రాష్ట్రం మొత్తానికే పార్టీ నాయకుల కోటా కింద 3. ఏ బుట్ట లెక్క ఆ బుట్టదే. ఒక బుట్టలో మిగిలిన తునకలు (భాగించాక దశాంశం తర్వాత మిగిలేవి) ఇంకో బుట్టలోకి పోవు.

ఇప్పుడు మళ్లీ చేద్దాం. సాండర్స్ 25.6 శాతం, బుటిజెజ్ 24.3, క్లోబుచార్ 19.7. వారెన్ 9.2, బైడెన్ 8.4. డెమోక్రాట్ల నియమం ప్రకారం పదిహేను శాతం రానివాళ్లకి సున్నా. (బైడెన్‌కి జాలిపడి రెండు ఇచ్చినవాళ్లు రెండో పాఠం మళ్లీ చదవండి.) మిగిలిన ముగ్గురి మొత్తం 69.6. భాగించాల్సింది దీంతో, వందతో కాదు.

ఎనిమిది బుట్ట: సాండర్స్ 25.6 × 8 ÷ 69.6 = 2.94. బుటిజెజ్ 2.79. క్లోబుచార్ 2.26. ముందు పూర్తి అంకెలు ఇచ్చేయండి: 2, 2, 2. ఇంకా రెండు మిగిలాయి. పెద్ద తునకలు ఎవరివో వాళ్లకి: 3, 3, 2. నిజానికి ఇక్కడ ఏ నియోజకవర్గంలో పడ్డ ఓట్లు ఆ నియోజకవర్గానికే వాడాలి. న్యూ హాంప్‌షైర్‌లో రెండు చోట్లా 3-3-2 వచ్చింది కాబట్టి రాష్ట్రం శాతాలతోనే కానిచ్చేశాను.

ఐదు బుట్ట: 1.84, 1.75, 1.42. పంచితే 2, 2, 1.

మూడు బుట్ట: 1.10, 1.05, 0.85. పంచితే 1, 1, 1.

కూడండి. 9, 9, 6. ఒకే బుట్టగా చేస్తే క్లోబుచార్‌కి 6.79 వచ్చి, తునక పెద్దది కనుక ఏడోది దక్కేది. ఐదు బుట్టలోనూ, ఎనిమిది బుట్టలు రెండింటిలోనూ ఆవిడ తునకే అన్నిటికన్నా చిన్నది. అక్కడ పోయింది ఆ ఒక్కటి. నేనైతే కాలిక్యులేటర్ ముట్టుకోను, కవరు వెనక నాలుగు గళ్లు గీసుకుంటాను. గళ్లు గీస్తే బుట్టలు మరిచిపోం.

సరే, డిబేట్‌లు. బీ-ఫారం చేతికిచ్చే అధిష్ఠానం అక్కడ లేదు కాబట్టి ఒకే పార్టీవాళ్లు టీవీలో ఒకళ్లనొకళ్లు కడిగేసుకుంటారని మీకు తెలుసు, అది వదిలేస్తున్నాను.

అందరూ పడే గొయ్యి ఒకటుంది. మర్నాడు పొద్దున్న ఫోన్ తెరిస్తే “ఫలానా వాళ్లు అదరగొట్టారు” అని ఉంటుంది. అది చదివి వచ్చే రాష్ట్రంలో వాళ్లకి ఓట్లు పెరుగుతాయని అనేసుకుంటాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎవరు బాగా మాట్లాడారన్నది తర్వాత. అది విని మనసు మార్చుకుని ఓటు వేయగలిగినవాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారు? ముందు అది చూడండి.

2020 ఫిబ్రవరి 19, నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్. మన గడియారంలో 20వ తేదీ పొద్దున్న ఏడున్నర. కోటీశ్వరుడైన వ్యాపారి బ్లూమ్‌బర్గ్‌కి అదే మొదటి డిబేట్. ఆయన సంస్థలో ఆడవాళ్లతో చేయించుకున్న గోప్యతా ఒప్పందాల మీద వారెన్ ఆయన్ని నిలబెట్టి అడిగింది, ఆయన నీళ్లు నమిలాడు. దాదాపు రెండు కోట్ల మంది చూశారు. డెమోక్రాట్ల ప్రైమరీ డిబేట్‌కి అప్పటికి అదే రికార్డు. ఆ రాత్రి వారెన్‌దే అని అందరూ అన్నారు. మూడు రోజుల తర్వాత, 22న నెవాడా కాకస్ (ఓటర్లు సభల్లో కూడి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి). వారెన్ నాలుగో స్థానం, డెలిగేట్లు సున్నా.

“ఓటర్లకి బుద్ధి లేదు” అనేవాళ్లు ఆగండి. నెవాడాలో ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 15న మొదలై 18న ముగిసింది. డిబేట్ 19న. మళ్లీ చెబుతాను, 18న పెట్టెలు మూసేశారు, 19న మాట్లాడారు. ముందే ఓటు వేసినవాళ్లు దాదాపు 75 వేలు, మొత్తం పాల్గొన్నది లక్షా ఐదు వేల చిల్లర. అంటే పది మందిలో ఏడుగురు డిబేట్ మొదలయ్యేసరికే ఓటు వేసి ఇంటికెళ్లిపోయారు. పరీక్ష రాసి వచ్చాక గైడు కొన్నట్టు! ఇంకోటి, బ్లూమ్‌బర్గ్ మొదటి నాలుగు రాష్ట్రాల్లో పోటీకే దిగలేదు. నెవాడాలో ఆయన పేరే లేదు. లేని మనిషి దగ్గర్నుంచి ఏ ఓట్లు లాక్కుంటుంది?

ఆ దెబ్బ మార్చి 3న, ఒకేరోజు చాలా రాష్ట్రాలు ఓటు వేసే సూపర్ ట్యూజ్‌డే నాడు పనిచేసి ఉండొచ్చు. యాభై కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టిన మనిషి గెలిచింది పసిఫిక్‌లోని చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే, మర్నాడే తప్పుకున్నాడు. కానీ ఆ లోపల సౌత్ కరోలినాలో అక్కడ పలుకుబడి ఉన్న పార్టీ నాయకుడు క్లైబర్న్ మద్దతుతో బైడెన్ గెలిచాడు, బుటిజెజ్, క్లోబుచార్ పోటీ మానేసి ఆయన వెనక చేరారు. వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లో మూడో స్థానంలో ఆగిపోయింది. చెట్టు దులిపింది ఒకరు, పళ్లు ఏరుకున్నది ఇంకొకరు.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన లెక్కలోనే ఉంది. ఫిబ్రవరి 7, శుక్రవారం, న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో డిబేట్. క్లోబుచార్ బాగా మాట్లాడింది. 11న, మంగళవారం ఓటింగ్. న్యూ హాంప్‌షైర్‌లో ముందస్తు ఓటింగ్ లేదు, కారణం చూపిస్తేనే పోస్టల్ ఓటు. డిబేట్ చూసినవాళ్లు నాలుగు రోజుల్లో అదే వేడిలో వెళ్లి వేశారు. పైన మనం కవరు వెనక చేసిన 19.7 అలా వచ్చిందే.

కమలా హారిస్ 2019 జూన్‌లో మయామీలో బైడెన్‌ని బస్సుల విషయంలో (నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివేలా వేరే బళ్లకి బస్సుల్లో పంపడం గురించి) నిలదీసినప్పుడు ఎంత సందడి జరిగిందో గుర్తుందా? మొదటి ఓటు పడటానికి ఏడు నెలలు పైనే ఉంది. డిసెంబరు 3న ఆవిడ తప్పుకుంది. క్యాలెండర్ చూడకుండా చప్పట్లు కొట్టకండి.

రిపబ్లికన్ల వైపు ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 2016 ఫిబ్రవరి 13, సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో డిబేట్. ఇరాక్ యుద్ధం మీద ట్రంప్ మాజీ అధ్యక్షుడు చిన్న బుష్‌ని తిట్టాడు, హాలంతా ‘బూ’ అని అరిచింది. సైనిక కుటుంబాలున్న రాష్ట్రంలో ఇక అయిపోయాడన్నారు. హాల్లో కూర్చున్నది రాష్ట్రం కాదు. వారం తర్వాత 32.5 శాతం ఓట్లతో సౌత్ కరోలినాలోని 50 మంది డెలిగేట్లనీ తీసుకుపోయాడు. రాష్ట్రంలో మొదట వచ్చినవాళ్లకి 29, ఏడు నియోజకవర్గాల్లో ఎక్కడ మొదట వస్తే అక్కడ 3 చొప్పున. అన్ని బుట్టలూ ఆయనవే అయ్యాయి. తునకల గొడవ లేదు. నాకు మాత్రం తునకలే ఇష్టం.

డిబేట్ అయిన వెంటనే వచ్చే చర్చ నేను చూడను, శబ్దం ఆపేస్తాను. మీ ఇష్టం.

అభ్యాసం. 2020 సౌత్ కరోలినా, డెమోక్రాట్లు. బైడెన్ 48.6, సాండర్స్ 19.8, స్టయర్ 11.3, మిగిలినవాళ్లు అంతకన్నా తక్కువ. రాష్ట్రం మొత్తానికి రెండు బుట్టలు: 12, 7. ఇది ఐదు నిమిషాల పని. ఓపిక ఉన్నవాళ్లు ఏడు నియోజకవర్గాల ఓట్లూ వెతికి తెచ్చుకుని మిగతా 35 కూడా పంచండి. మొత్తం 39-15 రావాలి. ఈసారి జవాబు ముందే ఇచ్చేశాను, కాబట్టి నాకు పంపాల్సింది గళ్లు.