చేప తేలకముందే మొప్పలు చూడాలె

మా చెరువు నర్సంపేట దిక్కుంటది. ఒక ఏడు నాచు దట్టంగ కమ్మితే, సంఘపోళ్లం మైలుతుత్తం మూటగట్టి తెప్ప ఎంట నీళ్లల్ల గుంజినం. కొలత లేదు, అంచనానే. నాచు పోయింది, చేప ఒక్కటి గూడ తేలలేదు, సంబురపడ్డం. వల ఏసిననాడు తెలిసింది: రెండు కిలోలు తూగాల్సిన బొచ్చెలు కిలో దాటలేదు.

మైలుతుత్తంల ఉండేది రాగి. చేపకు ఊపిరి ఆడేది, ఒంట్ల ఉప్పు నిలిచేది ముఖ్యంగ మొప్పలతోనే. రాగి ఎక్కువైతే ఆ ఉప్పు నీళ్లల్లకు జారిపోతది. కాడ్మియం, సీసం అనే లోహాలైతే కాల్షియం ఒంటికి పట్టనియ్యవు. మొప్పల మీద జిగురు కమ్మి గాలి అందదు. అప్పుడు చేప కాలేయంల దాచుకున్న బలాన్ని కరిగించుకుంటది. మేసిన మేత పానం నిలుపుకొనుటానికే సరిపోతది, కండ పట్టదు. పైగా రాగికి బొచ్చె తినే సన్న పురుగు గూడ చస్తది.

తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోరు తెరుస్తే గాలి తక్కువైందనుకోవచ్చు, పొద్దెక్కినంక సర్దుకుంటయి. మిట్ట మధ్యాహ్నం గూడ అట్లనే ఉంటే నాలుగైదు పట్టి మొప్పల డొప్ప లేపి చూడుండ్రి. ఎర్రగ, శుభ్రంగ ఉండాలె. పాలిపోయి తెల్లటి జిగురు పేరుకుంటే అనుమానమే. పురుగు పట్టినా అట్లనే ఉంటది, అందుకే పరీక్ష చేయించాలె.

కొత్త ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, మోచెయ్యి లోతుల నింపాలె. వాగు కలిసే కాడ ఇంకొకటి. లోహాల పరీక్ష అని ముందే చెప్తే, సీసాల ఎయ్యాల్సిన ఆమ్లం సంగతి ల్యాబోళ్లు చూసుకుంటరు. చేపను కోయకుండ మంచుల పెట్టి పంపుండ్రి. కాలేయం, మూత్రపిండాలల్ల లోహం ముందుగాల చేరుతది. ఒట్టి కండ చూసి బాగుందనుకుంటే మోసపోతం. పాదరసం మాత్రం కండలనే నిలుస్తది, చిన్న చేపల్ని మింగే కొర్రమట్టల ఇంకా ఎక్కువ. ఎంత ఉడికించినా పోదు.

ఫలితం వచ్చేదాంక చెరువులకొచ్చే మురుగు కాలువకు అడ్డం కట్టుండ్రి. మైలుతుత్తం ముట్టొద్దు. నీళ్ల క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణం, లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే ఎప్పటికీ ముట్టొద్దు, మెత్తటి నీళ్లల్ల రాగి విషం మరింత ఎక్కుతది. సున్నం చల్లితే లోహం అడుగుకు దిగుతది గని ఏడికీ పోదు. బంగారుతీగ చేప బురద తవ్వుకుంట మళ్ల లేపుతనే ఉంటది.

ఎండకాలం పూడికమట్టి పొలాలకు తోలేముందు ఆ మట్టిని గూడ పరీక్షకు పంపుండ్రి.