చేత్తో చేసే గ్రీటింగ్ కార్డులు, 4వ పాఠం: ఉబ్బెత్తు అక్షరాలు

ఈసారి నేరుగా హీట్ ఎంబాసింగ్‌లోకి, అంటే అచ్చు మీద పౌడర్ చల్లి వేడితో కరిగించి అక్షరాల్ని ఉబ్బెత్తుగా తేల్చే పనిలోకి, వెళదామనుకున్నాను. కానీ 3వ పాఠమే, అంటే స్టాంపుతో అచ్చు వేయడమే, చాలామందికి ఇంకా కుదరలేదు. పువ్వు అచ్చు వేస్తే మధ్యలో ఖాళీలు పడ్డాయని కొందరు, అంచులు రెండేసి గీతలుగా వచ్చాయని కొందరు చెప్పారు. ముందు ఆ లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే అచ్చు సరిగా పడకపోతే పౌడర్ కూడా సరిగా పట్టదు.

ఖాళీల సంగతి పోయినసారి నేను చెప్పి ఉండాల్సింది. కొత్త క్లియర్ (పారదర్శకమైన) స్టాంపు మీద పల్చటి జిడ్డు పొర ఉంటుంది. ఇంకు దాని మీద పరుచుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకడుతుంది. బొమ్మ ఉన్న వైపు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. ఆ మెరుపు పోయి కాస్త మసకబారితే చాలు. ఇక రెండు గీతలు వచ్చాయంటే నొక్కేటప్పుడు స్టాంపును అటూ ఇటూ ఊపారన్నమాట. నేనైతే లేచి నిలబడి నొక్కుతాను. బరువు నిటారుగా దిగుతుంది, చెయ్యి జారదు.

ఇక ఎంబాసింగ్. ఇంకు తడిగా ఉండగానే దాని మీద ఎంబాసింగ్ పౌడర్ చల్లి, మిగిలింది దులిపి, వేడితో కరిగించడమే పని. డై ఇంకు పనికిరాదు. అది కాగితంలోకి ఇట్టే ఇంకిపోతుంది, పౌడర్‌కు తడి మిగలదు. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు గానీ, రంగులేని ఎంబాసింగ్ ఇంకు గానీ వాడండి. రంగు ఇంకు మీద క్లియర్ పౌడర్ వేస్తే ఆ రంగే మెరుస్తూ పైకి తేలుతుంది. నల్ల కార్డు మీద తెల్ల పౌడర్ నాకు అన్నిటికన్నా ఇష్టం. సన్న అక్షరాలకు మాత్రం మెత్తటి రకం పౌడరే తీసుకోండి, ముతకది అక్షరాల సందుల్ని పూడ్చేస్తుంది.

అచ్చు వేయకముందే కార్డంతా యాంటీ స్టాటిక్ పౌడర్ సంచితో (అక్కర్లేని చోట ఎంబాసింగ్ పౌడర్ అంటకుండా చేసే పొడి నింపిన చిన్న సంచి) ఒకసారి తుడవండి. లేకపోతే వేలి జిడ్డు ఉన్న ప్రతిచోటా ఎంబాసింగ్ పౌడర్ అంటుకుంటుంది. అయినా ఒకటీ అరా రేణువులు మిగిలితే వేడి చేయకముందే పొడి బ్రష్‌తో తీసేయండి. కరిగాక ఇక రావు.

హెయిర్ డ్రయ్యర్‌తో కుదరదు. దాని గాలి పౌడర్‌ను ఎగరగొడుతుంది, వేడి మాత్రం చాలదు. అంతకన్నా చాలా ఎక్కువ వేడినిచ్చే హీట్ గన్ కావాలి. దాన్ని కార్డుకు దూరంగా పట్టుకుని కొన్ని సెకన్లు వేడెక్కనిచ్చి, అప్పుడు దగ్గరికి తెండి.

ఎక్కువ కార్డులు పాడయ్యేది ఇక్కడే. పౌడర్ మొదట పంచదార పలుకుల్లా గరుకుగా కనిపిస్తుంది. వేడి తగలగానే ఒక మూల నుంచి నున్నగా, తడిసినట్టు మెరుస్తూ వస్తుంది. మెరిసిన చోటు నుంచి గన్‌ను వెంటనే పక్కకు జరపాలి. మనవాళ్లు జరపరు! ‘ఇంకొంచెం పెడితే ఇంకా మెరుస్తుంది’ అని అక్కడే పట్టుకుంటారు. మెరవదు. కరిగిన పౌడర్ కాగితంలోకి దిగిపోతుంది, ఉబ్బు చదునైపోతుంది, అక్షరం చుట్టూ నూనె మరకలాంటిది పడుతుంది. తెల్లదైతే పసుపు తిరుగుతుంది. దాన్ని వెనక్కి తేలేం. ఎక్కడైనా గరుకు మిగిలిందని అనుమానమొస్తే గన్ పక్కన పెట్టి, కార్డును వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. గరుకుగా కనిపించిన చోట మాత్రమే మళ్లీ వేడి చేయండి. పూర్తిగా చల్లారేదాకా వేలు పెట్టకండి.

అభ్యాసం: చిన్న అక్షరాల స్టాంపు ఒకటి తీసుకుని, చిత్తు కార్డు మీద పన్నెండు అచ్చులు వేసి పౌడర్ చల్లండి. మొదటి మూడింటినీ కావాలనే మాడ్చండి, ఏ క్షణంలో పాడవుతుందో కంటికి తెలియాలి. మిగతా తొమ్మిదీ మెరవగానే ఆపండి. తొమ్మిదీ ఒకేలా వచ్చాకే అసలు కార్డు ముట్టుకోండి.