లాంజ్‌లో నలుగురి మధ్య – పాఠం 3: చప్పుడు, రిమోటు, ప్లగ్గు

లాడ్జిలో రిసెప్షన్ ముందుండే లాంజ్‌లో నలుగురితో ఎలా మెలగాలో చెప్పుకునే ఈ పాఠాల్లో, పోయినసారి సోఫా దగ్గర ఆపాం. సీటు ఖాళీగా కనిపించినా సరే, పక్కన మనిషుంటే "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాకే కూర్చోమని, వారం రోజులు ఎక్కడ వీలైతే అక్కడ ఆ మాట వాడి చూడమని పని ఇచ్చాను. చేసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. జాగా బోలెడంత ఉన్నా అవతలి మనిషి కాస్త జరుగుతాడు. అవసరం లేదు, అయినా జరుగుతాడు. అడక్కుండా కూర్చుంటే అదే మనిషి తన బ్యాగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంటాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి పాఠం కూడా దానిమీదే నడుస్తుంది, కాకపోతే ఈసారి సీటు బదులు చప్పుడు.

చప్పుడు సంగతి సీటు కంటే కష్టం. సీటుకు హద్దు కనిపిస్తుంది. మీరు మూల కుర్చీలో కూర్చుని ఫోన్లో రీల్స్ తిప్పుతుంటే మీకది మీ అరచేతిలో జరిగే పనే, ఎదుటి సోఫాలో రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి కళ్లు మూసుకున్న ఆవిడకు మాత్రం పది సెకన్లకోసారి మారిపోయే పాట, నవ్వు, అరుపు.

అసలు విజయవాడ లాడ్జి లాంజ్ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే ఇదంతా అతిగా అనిపిస్తుంది. ఢిల్లీ నుంచి చెన్నై పోయే లైను, హౌరా నుంచి చెన్నై పోయే లైను మన స్టేషన్లోనే కలుస్తాయి, అందుకని రాత్రి రెండింటికీ మూడింటికీ కూడా జనం దిగుతూనే ఉంటారు. దిగినవాళ్లు గాంధీనగర్‌కో గవర్నర్‌పేటకో వచ్చి, గది ఊడ్చి దుప్పట్లు మార్చేదాకా రిసెప్షన్ ముందు సోఫాల్లో కూలబడతారు. చాలా లాడ్జిల్లో చెకౌట్ 24 గంటల లెక్క, అంటే ఎవరెప్పుడు దిగితే మర్నాడు అదే వేళకు ఖాళీ చెయ్యాలి, దాంతో ఒకాయన ఆవులిస్తూ వచ్చే వేళకి ఇంకొకాయన స్నానం చేసి విబూది పెట్టుకుని బయల్దేరుతుంటాడు. ఇక దసరా రోజుల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజున, గది దొరకని కుటుంబాలు పిల్లలతో సహా అక్కడే ఉంటాయి. లాంజ్‌లో గడియారం అందరికీ ఒకటే గానీ వేళ మాత్రం ఎవరిది వారిదే.

అందుకే నేను ఒక లెక్క పెట్టుకున్నాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లాంజ్‌లో నా ఫోన్ నోరెత్తదు. ఈ లెక్క నా సొంతమేం కాదు, లౌడ్‌స్పీకర్ల మీద 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు పెట్టిన సమయం అదే, రైల్లో మిడిల్ బెర్త్ వేసుకునే సమయమూ అదే. పగటిపూట అయితే ఇయర్‌ఫోన్స్. లేకపోతే చూడటం మానెయ్యడం. "కొంచెం సౌండే కదా" అనేది అసలు మాటే కాదు, ఎంత కొంచెమో చెప్పాల్సింది వినేవాళ్లు.

మన అలవాటు ఇంకొకటుంది, దిగగానే ఇంటికి ఫోన్ చేసి "ఆ... దిగాం... దిగాం అంటున్నా... లాడ్జికొచ్చేశాం" అని మూడు వీధులకు వినిపించేలా చెప్పడం. నాన్నగారి తరం ట్రంక్ కాల్ రోజుల్లో అరిచి మాట్లాడింది, మనకి ఆ గొంతు వారసత్వంగా వచ్చినట్టుంది. తలుపు తీసుకుని బయట మెట్ల మీద నిలబడి మాట్లాడండి. వీడియో కాల్ అయితే ఇంకో జాగ్రత్త. "ఇదిగో మా లాంజ్, చూడు" అని ఫోన్ చుట్టూ తిప్పుతాం చూశారూ, అందులో తల తుడుచుకుంటున్న ఆడవాళ్లు, నోరు తెరిచి నిద్రపోతున్న పెద్దాయన, అందరూ పడతారు. వాళ్లెవరూ మీ చిన్నమ్మకు కనబడటానికి ఒప్పుకోలేదు. గోడ వైపు వీపు పెట్టి కూర్చుంటే మీ వెనక గోడే కనిపిస్తుంది.

ఇక అసలు పాఠం. మనం చప్పుడు చెయ్యకపోవడం సులువు, ఒక రోజులో వచ్చేస్తుంది. అవతలివాడు చేస్తున్నప్పుడు చెప్పడమే రాదు. మనవాళ్లకు రెండే తెలుసు, మొహమాటపడి గంటసేపు పళ్లు కొరుక్కోవడం, లేదా ఆ గంటా అయ్యాక ఒక్కసారిగా లేచి "ఏంటండీ ఇది, మీ ఇల్లనుకున్నారా?" అనడం. రెండోదానికి కారణం మొదటిదే. గంట కిందట అడిగుంటే మామూలు మాటగా పోయేది.

కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లో అడగండి, గొంతులోకి కోపం ఇంకా రాకముందే. మాట కూడా చూసుకోవాలి. "ఆపండి" అనకండి, "కొంచెం తగ్గిస్తారా అండీ" అనండి. తెలుగులో ఆజ్ఞను ప్రశ్నగా మార్చేస్తే చాలు, సగం పని అయిపోతుంది, ముందు "కొంచెం" చేరిస్తే మిగతా సగం. ఇది ఆయన పూర్తిగా ఆపాలా తగ్గించాలా అన్నది ఆయనకే వదిలేస్తుంది, నూటికి తొంభైమంది ఆపేస్తారు (లెక్కపెట్టలేదు లెండి, నా అనుభవం). ఉన్న కారణమే చెప్పండి: "రాత్రి నిద్రలేదండీ", "అక్కడ పాప పడుకుంది". లేని పాపను సృష్టించకండి, లాంజ్ చిన్నది, చుట్టూ చూస్తారు.

పిలుపు ఇంకా ముఖ్యం. కుర్రాడైతే "తమ్ముడూ", పెద్దాయనైతే "ఏవండీ" లేదా "సార్", ఆడవాళ్లయితే "అమ్మా" లేదా "మేడమ్". ఎర్ర బట్టలు కట్టుకున్న మాలధారి అయితే "భవానీ", నల్ల బట్టలైతే "స్వామీ", ఆ పిలుపుతో అడిగితే దీక్షలో ఉన్నవాళ్లు ఎంత పెద్ద భజన మధ్యలో ఉన్నా వింటారు. "హలో" వద్దు. ఎదురుగా ఉన్న మనిషిని "హలో" అంటే మన దగ్గర అది గొడవకు మొదటి అక్షరం. "మాస్టారూ", "గురూగారూ" అనేవి కూడా జాగ్రత్త, బెజవాడలో అవి గౌరవానికీ పనికొస్తాయి, వెటకారానికీ పనికొస్తాయి, ఏది ఏదో గొంతే చెబుతుంది, మీ గొంతు మీద మీకు నమ్మకం లేకపోతే వాడకండి.

అన్నిటికంటే నేను ఆలస్యంగా నేర్చుకున్నది చివరిది. అడిగాక చూపు తిప్పుకోండి. తగ్గించాడా లేదా అని కళ్లప్పగించి చూస్తూ కూర్చుంటే మీరు అడిగినది ఆజ్ఞ అయిపోతుంది, నలుగురిలో లొంగినట్టు అనిపించి ఆయన కావాలనే ఇంకో పాట పెడతాడు. పేపరు తీసుకోండి, చెప్పు సరిచేసుకోండి, ఆయనకు పది సెకన్ల మర్యాద ఇవ్వండి. తగ్గిస్తాడు. తగ్గాక చిన్నగా ఒకసారి తల ఊపితే చాలు.

మిమ్మల్నే ఎవరైనా అడిగితే? "అయ్యో, చూసుకోలేదండీ" అనే మాట ఒకటి ఉంది, నిజంగా చూసుకోకపోయినా, చూసుకునే చేసినా కూడా అదే సరైన జవాబు.

రిమోటు దగ్గరికి వద్దాం. 2024 జూన్ 4, ఓట్ల లెక్కింపు రోజు, గాంధీనగర్‌లో ఒక లాడ్జి లాంజ్‌లో ఉన్నాను, ఏసీ పాడైన గది మారుస్తామని పొద్దున ఏడింటికి కూర్చోబెట్టారు. టీవీ ముందు పదిహేనుమంది. మన రాష్ట్రంలో న్యూస్ ఛానల్ పెట్టడమంటే మెడలో పార్టీ కండువా వేసుకోవడంతో సమానమని మీకు వేరే చెప్పాలా. ఒకాయన రిమోటు తీసుకుని తన ఛానల్ పెట్టాడు, ఆయన టీకి లేచిన వెంటనే ఇంకొకాయన తనది పెట్టాడు, మొదటాయన తిరిగొచ్చి ఒక్క మాట లేకుండా మళ్లీ మార్చాడు, తొమ్మిదిన్నరకల్లా ఇద్దరూ నిలబడి ఉన్నారు, అక్కడ మెజారిటీలు లెక్కపెడుతుంటే ఇక్కడ ఒకరి వంశాన్ని ఒకరు లెక్కపెట్టారు. చివరికి రిసెప్షన్లో కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయో లేదో, వచ్చి "సార్, ఒక్క నిమిషం" అని రిమోటు తీసుకుని భక్తి ఛానల్ పెట్టి, రిమోటు తన జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. సుప్రభాతం వింటూ ఫోన్లలో ఫలితాలు చూసుకున్నారు.

ఆ కుర్రాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఏమిటంటే, లాంజ్‌లో రిమోటు లాడ్జిది. ముందొచ్చినవాళ్లది కాదు, దగ్గరగా కూర్చున్నవాళ్లది అంతకంటే కాదు. మార్చాలనుకుంటే గదంతటికీ వినిపించేలా "ఎవరైనా ఇది చూస్తున్నారాండీ?" అని అడగండి. ఒక్కరు చూస్తున్నామన్నా అయిపోయేదాకా ఆగండి, అది ఎంత పనికిమాలిన సీరియల్ అయినా సరే. (సీరియల్ చూసేవాళ్లని నేను వెక్కిరించేవాణ్ణి, ఒకసారి నాలుగు గంటలు కూర్చోవాల్సొచ్చి రెండు ఎపిసోడ్లు చూశాను, మూడోది ఏమైందో ఇప్పటికీ అనిపిస్తుంటుంది.) క్రికెట్ ఉంటే సాధారణంగా గొడవ రాదు. న్యూస్ మాత్రం మీ ఫోన్లో, మీ చెవుల్లో చూసుకోండి.

ప్లగ్గు గురించి పొడవుగా చెప్పను, నా తప్పొకటి చెబుతాను, చాలు. చాలా ఏళ్ల కిందట ఎండాకాలం, గుంటూరు అరండల్‌పేటలో ఒక లాడ్జి. మిర్చి సీజన్, లాంజ్‌లో కూర్చున్నవాళ్లలో సగంమంది యార్డుకు సరుకు తెచ్చిన రైతులు, ఒకరి బట్టల్లోంచి ఘాటుకు మిగతావాళ్లంతా తుమ్ముతున్నారు. గోడకు ఉన్నది ఒకే ప్లగ్గు, అందులో ఒక పాత ఫోను. ఎవరిదో తెలీదు, నాది రెండు శాతానికి వచ్చింది, అవతల ఆఫీసు వాళ్లు ఫోన్ చేస్తారు. పీకేసి నాది పెట్టుకున్నాను. పావుగంటకు స్నానం చేసి వచ్చిన పెద్దాయన ఆ ఫోన్ చూస్తే అది ఆరిపోయి ఉంది. ముప్పై టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి యార్డులో దింపి, రేటు ఎంత పలికిందో కమీషన్ ఏజెంటు చెబుతాడని కూర్చున్నాడట. నేను లేచి నిలబడి ఏదో చెప్పబోయాను. "పర్లేదు బాబూ, నీ పని చూసుకో" అని నా ఫోన్ తియ్యనివ్వకుండా, ఎండలో నడుచుకుంటూ యార్డుకు బయల్దేరాడు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

తర్వాత నేను చేసినవి రెండు. ఎవరి ఫోనూ తియ్యను, నూరు శాతం నిండినా తియ్యను, "ఈ ఫోన్ ఎవరిదండీ?" అని గట్టిగా అడుగుతాను. రిమోటు ప్రశ్న పక్కన పెడితే, లాంజ్‌లో గొంతు పెంచడానికి నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. రెండోది, బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, మూడు ప్లగ్గులది, ఉంటుంది. అది తీసి గోడకు పెట్టి "ఇంకెవరికైనా కావాలాండీ?" అని అడిగి చూడండి, ఆ సాయంత్రానికి లాంజ్‌లో మీరే పెద్దమనిషి, ఎవరో ఒకరు టీ కూడా చెబుతారు.

సిగరెట్ సంగతి చప్పుడు కిందికి రాదు గానీ ఇద్దరు అడిగారు కాబట్టి ఇక్కడే చెబుతున్నా. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం, హోటల్ లాంజ్ అందులోకే వస్తుంది, జరిమానా 200 రూపాయల దాకా ఉంటుంది. 30 గదులు, అంతకు మించి ఉన్న హోటళ్లు పొగ తాగేవాళ్లకు వేరే చోటు పెట్టుకోవచ్చు, ఉంటే వాళ్లు అక్కడికి వెళ్లాలి. దీనికి పైన చెప్పిన బతిమాలుడు అక్కర్లేదు, మీరు కల్పించుకోనూ వద్దు, లేచి రిసెప్షన్‌లో చెప్పండి.

ఈ వారం పని. ఒకటి, అద్దం ముందు కాదు, ఇంట్లో మనిషి ముందే, "కొంచెం సౌండ్ తగ్గిస్తారా అండీ" అని మూడు రకాల గొంతుల్లో అని, ఏది వెటకారంగా ఉందో వాళ్లనే చెప్పమనండి. మొదటి రెండూ వెటకారంగానే ఉంటాయి, కంగారుపడకండి. రెండు, బస్టాండులోనో స్టేషన్లోనో నిజంగా ఒకరిని అడగండి, అడిగి వెంటనే చూపు తిప్పుకోండి, ఏమైందో రాసి పెట్టుకోండి. పండిట్ నెహ్రూ బస్టాండులో సాయంత్రం పూట కూర్చుంటే ఐదు నిమిషాల్లో అవకాశం దొరుకుతుంది, వెతుక్కోవాల్సిన పనే లేదు.

పాఠం 4లో మాటలు. "మీదే ఊరు?" దగ్గర మొదలై "మీ ఇంటిపేరు?" మీదుగా "అంటే మీరు... మనవాళ్లేనా?" దాకా వెళ్లే ఆ ప్రశ్నల వరసలో ఎక్కడ ఆగాలి, ఎదుటివాళ్లు ఆగకపోతే ఏం చెప్పి తప్పించుకోవాలి అన్నది చూద్దాం. ఆవకాయ డబ్బా తీసి "మీరూ వేసుకోండి" అన్నవాళ్లకు ఎన్నిసార్లు వద్దనాలో కూడా అందులోనే.