ఇంట్లో చక్కెర తగ్గించాలంటే ముందు నెల సరుకుల చీటీ తీయండి

మా కడపలో ఏ వీధిలోకి పోయినా షుగర్ మాత్రలు మింగేవాళ్ళు కనపడతారు, మా ఇంట్లోనే నాయనకీ చిన్నాయనకీ ఉంది. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ స్టడీలో వచ్చింది. చక్కెర తిన్న ప్రతివాళ్ళకీ షుగర్ వస్తాదని కాదు, కానీ ఎక్కువైన తీపి లివర్‌లో కొవ్వుగా చేరి, బరువు పెరిగి, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకుండా పోతాది, ఇంక పిల్లోళ్ళ పళ్ళు పుచ్చిపోయేది సరేసరి.

చీటీలో నెలకి చక్కెర ఎన్ని కేజీలు వస్తాందో చూడండి. మాకు నలుగురికి 5 కేజీలు వస్తాండె, లెక్కేస్తే మనిషికి రోజుకి 40 గ్రాములు దాటింది, బయట తాగే టీలు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఇందులో లేనే లేవు! డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2015లో చెప్పింది పెద్దోళ్ళకి రోజుకి 50 గ్రాముల లోపల, వీలైతే 25, అంటే ఆరు చిన్న స్పూన్లు. బెల్లం, తేనె, జ్యూస్ కూడా ఆ లెక్కలోవే, బెల్లం మంచిదిలే అని రెండు ముక్కలు ఎక్కువ వేసుకోవద్దండి. పండ్లు నమిలి తింటే, ఉత్త పాలు తాగితే ఆ తీపి లెక్కలోకి రాదు.

నలుగురికి 25 గ్రాముల లెక్కన నెలకి 3 కేజీలు, బయటి తిండికి ఒక కేజీ తీసేస్తే ఇంటికి 2 కేజీలే తేవాల. ఒక్కసారే ఆపితే ఎవరూ ఒప్పుకోరు, నెలకో కేజీ తగ్గించుకుంటా రండి. టీలో రెండు స్పూన్లేస్తాంటే ఒకటిన్నర చెయ్యండి, రెండు వారాలకి నాలుక అలవాటు పడతాది, తర్వాత ఒకటి. ఎండాకాలం నన్నారి షర్బత్ తాగాలనిపిస్తే పాకం సగం పొయ్యమని చెప్పి నిమ్మకాయ ఎక్కువ పిండించుకోండి, ఇంట్లో అయితే మజ్జిగే మేలు. కడప-రాయచోటి రోడ్డు మీది గువ్వలచెరువులో అమ్మే కోవా తినొద్దని నేను చెప్పను, ఆడ ఆగినప్పుడు ఒక ముక్క తినండి, కేజీ బాక్సు మాత్రం ఇంటికి తేవద్దు. పండగ ఓళిగలు (బొబ్బట్లు) ఏడాదికి రెండు మూడుసార్లే, అసలు చిక్కంతా రోజూ మూడుపూటలా తాగే టీలోనే ఉంది.

ప్యాకెట్ వెనక 'యాడెడ్ షుగర్స్' (అంటే పైనుంచి కలిపిన చక్కెర) చూడండి, అది ఎక్కువగా 100 గ్రాములకి రాసుంటాది, మీరు తిన్నంతకి లెక్కేసుకోవాల. ఇన్వర్ట్ సిరప్, గ్లూకోజ్ సిరప్ అన్నా చక్కెరే.

షుగర్‌కి మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పి తగ్గించండి, డోసు మార్చాల్సి రావచ్చు. చెమటలు పట్టి వణుకొచ్చిందంటే షుగర్ పడిపోయిందేమో, తెలివిలో ఉంటే వెంటనే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాపాల, 15 నిమిషాలకి మళ్ళీ చెక్ చెయ్యాల, తెలివి తప్పితే నోట్లో ఏం పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.