పక్క నగరం కంటే ఎత్తయిన టవర్ కడతామంటే ఏమేం అడగాలి

రెండు నగరాలు పక్కపక్కన ఉంటే ఏదో ఒక రోజు ఈ పోటీ మొదలవుతుంది. ఒక నగరం తన నడిబొడ్డున అరవై అంతస్తుల టవర్ కడతానని ప్రకటిస్తుంది. కొన్నాళ్ళకే పక్క నగరం అరవై అయిదు అంటుంది. పేపర్లో రెండు బొమ్మలూ పక్కపక్కన వేస్తారు. రెండు వైపులా జనం ఆవేశంగా వాదించుకుంటారు. నా వృత్తి ఎత్తయిన భవనాలకు లిఫ్టులు డిజైన్ చేయడం. ఏ అంతస్తులో ఎంతమంది పనిచేస్తారన్న అంకె చేతికి రాకుండా మేం మొదటి గీత కూడా గీయలేం. అందుకే ఒక టవర్ నిండుతుందా, ఖాళీగా మిగులుతుందా అన్న అనుమానం అందరికంటే ముందు మాకే వస్తుంది. మీ నగరంలో ఇలాంటి ప్రతిపాదన వచ్చి, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళబోతున్నా, మీ వార్డు ప్రతినిధిని గట్టిగా అడగాలనుకుంటున్నా, ఏ ప్రశ్నలు తీసుకెళ్ళాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఎత్తు సంగతి తేల్చుకోండి

ప్రకటనల్లో కనిపించే ఎత్తు సాధారణంగా శిఖరం కొస దాకా కొలిచినది. ప్రపంచంలోని ఎత్తయిన భవనాల లెక్కలు చూసే సీటీబీయూహెచ్ పేరుతో తెలిసిన సంస్థ మూడు ఎత్తులు విడివిడిగా నమోదు చేస్తుంది. భవనంలో భాగంగా కట్టిన శిఖరం దాకా ఒకటి, మనుషులు వాడుకునే ఆఖరి అంతస్తు దాకా ఒకటి, యాంటెన్నాతో సహా కొస దాకా ఒకటి. వీటి మధ్య తేడా చిన్నది కాదు. 1990లలో కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లు 452 మీటర్లతో షికాగో సియర్స్ టవర్‌ను, అంటే 442 మీటర్లను, దాటేశాయి. పెట్రోనాస్ శిఖరాలు లెక్కలోకి వచ్చాయి, సియర్స్ మీదున్న యాంటెన్నాలు రాలేదు. మనుషులు తిరిగే ఆఖరి అంతస్తు మాత్రం సియర్స్‌లోనే ఎక్కువ ఎత్తులో ఉంది. బుర్జ్ ఖలీఫా మొత్తం 828 మీటర్లలో పైనున్న 244 మీటర్ల మేర మనుషులుండే అంతస్తు ఒక్కటీ లేదని ఇదే సంస్థ 2013లో తేల్చింది.

కాబట్టి మొదటి ప్రశ్న ఇలా రాయండి: మనుషులు కూర్చుని పనిచేసే, లేదా నివసించే ఆఖరి అంతస్తు నేల నుంచి ఎన్ని మీటర్ల మీద ఉంది? పక్క నగరం టవర్‌కూ అదే అంకె కనుక్కోండి. రెండూ ఒకచోట రాసి చూస్తే, చాలాసార్లు పోటీ అంతా పైనున్న స్తంభం గురించేనని తేలుతుంది. ఆ స్తంభం ఎవరి డబ్బుతో లేస్తుందో కూడా అడగండి.

ఒసాకాలో జరిగింది తెలుసుకుని వెళ్ళండి

ఈ విషయం మీద ఒక్క ఉదాహరణే చెప్పాల్సి వస్తే నేను ఒసాకా గురించే చెబుతాను. జపాన్‌లో ఒసాకా నగర పాలక సంస్థ సముద్రాన్ని పూడ్చిన దీవి మీద వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టించింది. అది 1995లో పూర్తయింది, ఎత్తు 256 మీటర్లు. ఒసాకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ప్రభుత్వం కాన్సాయ్ విమానాశ్రయానికి ఎదురుగా, ఇజుమిసానో నగరంలో రింకు గేట్ టవర్ కట్టించింది. అది 1996లో పూర్తయింది, ఎత్తు 256.1 మీటర్లు. రెండిటి మధ్య తేడా పది సెంటీమీటర్లు. నగరమూ ప్రిఫెక్చరూ ఒకరినొకరు చూసుకుంటూ కట్టిన ఎత్తులివి.

అప్పటికే జపాన్‌లో భూముల ధరల బుడగ పగిలిపోయింది. ఆఫీసు స్థలం అడిగేవాళ్ళు లేరు. రింకు గేట్ టవర్ నడిపిన కంపెనీ 2005లో దివాలా తీసింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ కంపెనీ 2009లో చేతులెత్తేసింది. ఆ భవనాన్ని 2010లో ప్రిఫెక్చర్ తన ఆఫీసుల కోసం కొనుక్కుంది. అంటే ఒకప్పుడు పోటీపడిన వాళ్ళ టవర్‌నే చివరికి కొనుక్కోవాల్సి వచ్చింది. అప్పటికీ కథ ముగియలేదు. 2011 మార్చిలో జపాన్ ఈశాన్య తీరంలో పెను భూకంపం వచ్చినప్పుడు, ఏడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ టవర్ చాలాసేపు ఊగింది. పై అంతస్తు ఒక్కో వైపుకు మీటరుకు పైగా కదిలింది. లిఫ్టులు ఆగిపోయి లోపల మనుషులు చిక్కుకున్నారు. ప్రధాన కార్యాలయం మొత్తాన్ని అక్కడికి మార్చాలన్న ఆలోచనను ఆ తర్వాత మానుకున్నారు.

లిఫ్టుల మనిషిగా ఈ చివరి సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఎత్తయిన భవనం నెమ్మదిగా, పెద్ద పెద్ద ఊపులతో ఊగుతుంది. దూరం నుంచి వచ్చే భూకంప తరంగాలు కూడా నెమ్మదిగా ఊగించేవే. రెండిటి లయ కలిస్తే షాఫ్టులో, అంటే లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు గొట్టంలో, వేలాడే తాళ్ళు గోడలకు కొట్టుకుంటాయి, బిగించిన సామానుకు చిక్కుకుంటాయి. అందుకని మీ నగరం ఏ నేల మీద ఉన్నా ఇది అడగండి: గాలికీ భూకంపానికీ టవర్ ఊగుడు లెక్క ఎవరు వేశారు, దాన్ని తిరిగి సరిచూసిన స్వతంత్ర ఇంజనీరు ఎవరు?

లోపల అద్దెకు వచ్చే చోటెంత

"మరో అయిదు అంతస్తులు కలిపితే ఏం పోతుంది" అని చాలామంది అనుకుంటారు. పోయేది కింది అంతస్తుల్లో పోతుంది. పై అంతస్తులకు వెళ్ళే లిఫ్టు షాఫ్టు నేల నుంచి మొదలై దారిలోని ప్రతి అంతస్తునూ చీల్చుకుంటూ పోతుంది. దాంతో పాటు నీళ్ళ గొట్టాలు, కరెంటు, మెట్లు, లావెక్కే కాంక్రీటు గోడలు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పక్క నగరం ప్రకటన వచ్చాక యజమాని నాలుగు అంతస్తులు పెంచమన్నాడు. పెంచాం. పై అంతస్తుల వాళ్ళకు రెండు లిఫ్టులు అదనంగా పడ్డాయి. ఆ రెండు షాఫ్టులు కింది అంతస్తులన్నిట్లో తిన్న చోటు కలిపితే ఒక అంతస్తంత అయింది. కట్టింది నాలుగు, కలిసొచ్చింది మూడు.

ప్రతిపాదన కాగితాల్లో రెండు విస్తీర్ణాలు వెతకండి: మొత్తం నిర్మాణ విస్తీర్ణం, అద్దెకిచ్చే విస్తీర్ణం. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. బాగా ఎత్తయిన ఆఫీసు టవర్లలో ఇది డెబ్బై శాతం దగ్గరకు పడిపోవడం మామూలే. అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తుంటే లిఫ్టులు తక్కువ పెట్టారా అని అనుమానించండి. ఆఫీసు భవనాలకు మా రంగంలో సాధారణంగా పెట్టుకునే లక్ష్యం ఇది: ఉదయం రద్దీలో అయిదు నిమిషాల్లో భవనంలోని మనుషుల్లో 12 నుంచి 15 శాతం మందిని పైకి చేర్చాలి, కింద లాబీలో సుమారు 30 సెకన్లకు ఒక లిఫ్టు దొరకాలి. లిఫ్టుల నివేదికలో అంతస్తుకు ఎంతమంది ఉంటారని అనుకున్నారో చూడండి. అదే డెవలపర్ ఉద్యోగాల గురించి చెప్పే పత్రంలో ఎంతమంది ఉంటారని రాశాడో చూడండి. మొదటి అంకె చిన్నదిగా, రెండోది పెద్దదిగా కనిపిస్తే సభలో లేచి నిలబడి ఆ రెండు పేజీలూ చదివి వినిపించండి. ఒకే భవనంలో జనం రెండు రకాలుగా ఉండరు.

వచ్చేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నారు

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. టవర్‌లో మొదటి పెద్ద అద్దెదారు ఎవరు? ఆ కంపెనీ ఇప్పుడు ఎక్కడుంది? పక్క నగరం నుంచో, మీ నగరంలోనే రెండు వీధుల అవతలి నుంచో వస్తుంటే, కొత్త ఉద్యోగం ఒక్కటి కూడా పుట్టలేదు. పాత చోట ఖాళీ అంతస్తులు మాత్రం మిగులుతాయి.

అమెరికాలో కాన్సాస్ సిటీ ప్రాంతం ఈ బాధ ఏళ్ళ తరబడి పడింది. ఆ మహానగరం మధ్యలోంచి మిస్సోరి, కాన్సాస్ రాష్ట్రాల సరిహద్దు పోతుంది. రెండు వైపులా పన్ను మినహాయింపులు గుప్పించి ఒకరి కంపెనీలను ఒకరు లాక్కున్నారు. ఏఎంసీ సినిమా హాళ్ళ సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని మిస్సోరి వైపు డౌన్‌టౌన్ నుంచి కాన్సాస్ వైపు లీవుడ్‌కు తీసుకెళ్ళింది. ఆపిల్‌బీస్ రెస్టారెంట్ల సంస్థ అటునుంచి ఇటు వచ్చింది. ఉద్యోగి కారు వేరే దారి పట్టడం తప్ప ప్రాంతానికి ఒరిగిందేమీ లేదు, పోయిన పన్ను మాత్రం బడులకూ రోడ్లకూ రావాల్సింది. చివరికి 2019లో రెండు రాష్ట్రాలూ సరిహద్దు ప్రాంతంలో ఇలా ఒకరి కంపెనీలను ఒకరు లాక్కోకూడదని రాజీకి వచ్చాయి.

మీ నగర డౌన్‌టౌన్‌లో ఇప్పుడు ఎన్ని ఆఫీసు అంతస్తులు ఖాళీగా ఉన్నాయో ముందే తెలుసుకుని వెళ్ళండి. అద్దె ఒప్పందాల మీద సంతకాలయ్యాయా, లేక "ఆసక్తి చూపారు" అన్న ఉత్తరాలేనా అని అడగండి. ఆసక్తి ఉత్తరం వల్ల ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు.

మధ్యలో ఆగిపోతే

షికాగో స్పైర్‌ను 610 మీటర్ల ఎత్తు కడతామన్నారు. 2008 ఆర్థిక సంక్షోభంలో పని ఆగింది. నగరం మధ్యలో గుండ్రటి పెద్ద గొయ్యి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో లీడ్స్‌కు పక్క నగరమైన మాంచెస్టర్‌లో బీథమ్ టవర్ 2006లో లేచాక, లీడ్స్‌లో దానికి దీటుగా లూమియేర్ అనే టవర్ పని మొదలైంది, అదీ 2008లోనే ఆగిపోయింది.

అనుమతి ఇచ్చే ముందే బ్యాంకు పూచీకత్తు అడగమని మీ ప్రతినిధులతో చెప్పండి. పని ఆగితే గొయ్యి పూడ్చి, నేల చదును చేసి, కాలిబాట తిరిగి తెరిచే ఖర్చుకు సరిపడా సొమ్ము నగరం చేతిలో ఉండాలి. అప్పుకు నగరం హామీ సంతకం పెడుతోందా అన్నది ఒక్క వాక్యంలో జవాబు రావాల్సిన ప్రశ్న. అవుననో కాదనో వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

నేల మీద నడిచేవాళ్ళు

లీడ్స్‌లోనే బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ అనే 112 మీటర్ల టవర్ ఉంది. పై నుంచి గాలి దాని ముఖానికి కొట్టుకుని కిందికి దిగి వీధిలో చెలరేగేది. 2011లో ఆ గాలికి ఒక లారీ బోల్తాపడి దారిన పోతున్న మనిషి చనిపోయాడు. తర్వాత గాలిని అడ్డుకునే తెరలు కట్టాల్సి వచ్చింది. కట్టకముందే విండ్ టన్నెల్‌లో, అంటే గాలి వీచేలా చేసి పరీక్షించే సొరంగంలో, నమూనా పెట్టి, కాలిబాట ఎత్తున గాలి వేగం కొలిచిన నివేదిక బయటపెట్టమని అడగండి. బీథమ్ టవర్ పైనున్న గాజు పలక గట్టి గాలి వీస్తే మోగుతుంది, సరిచేసే ప్రయత్నాలు జరిగినా ఆ మోత పూర్తిగా పోలేదు. నీడ సంగతి కూడా ఇక్కడే అడగండి, చలికాలం మధ్యాహ్నం ఎవరి ఇళ్ళ మీద పడుతుందో గీసి చూపించమనండి.

నేల అంతస్తులో జనానికి ఏం దక్కుతుందో కూడా చూడండి. అమెరికాలోని మినియాపోలిస్‌లో 1972 నాటి 57 అంతస్తుల ఐడీఎస్ సెంటర్‌ను అక్కడి వాళ్ళు ఇష్టపడటానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. కింద క్రిస్టల్ కోర్ట్ అనే గాజు కప్పు ఆవరణ ఉంది, చుట్టుపక్కల భవనాలకు ఎత్తున కట్టిన నడకదారులు అందులో కలుస్తాయి. టవర్‌లో పనిలేని మనిషి కూడా అక్కడ కూర్చోవచ్చు. నేల అంతస్తు అంతా పార్కింగ్ ద్వారమూ సెక్యూరిటీ గేటుగా ఉన్న బొమ్మ చూపిస్తే ఒప్పుకోకండి.

పక్క నగరంతో మాట్లాడండి

పోటీ ఎంత ముదిరినా కలిసి పనిచేయడం కుదురుతుంది. పక్కపక్కనే ఉన్న మినియాపోలిస్, సెయింట్ పాల్ నగరాలు 1890 జనాభా లెక్కల్లో లేని మనుషుల పేర్లు రాయించేదాకా వెళ్ళాయి, మళ్ళీ లెక్క పెట్టాల్సి వచ్చింది. అవే నగరాలు 2014లో తమ రెండు డౌన్‌టౌన్‌లనూ కలుపుతూ గ్రీన్ లైన్ రైలు నడిపించుకున్నాయి. అమెరికాలోనే మరో జంట నగరాలు డల్లాస్, ఫోర్ట్ వర్త్ విమానాశ్రయాల కోసం దశాబ్దాలు కొట్లాడుకున్నాయి. 1964లో అమెరికా పౌర విమానయాన బోర్డు ఒక్క చోటు తేల్చుకోమని పట్టుబట్టాక, ఇద్దరికీ మధ్యలో కట్టిన ఉమ్మడి విమానాశ్రయం 1974లో మొదలైంది.

మీరు మేయర్లను కలపలేకపోవచ్చు. అడిగినవన్నీ రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబులు తేదీతో సహా దాచుకోవడం మీ చేతుల్లోనే ఉంది. పక్క నగరంలో ఇవే ప్రశ్నలు అడుగుతున్న మనిషిని వెతికి ఒక కాపీ పంపండి, వాళ్ళ దగ్గరున్నది తెప్పించుకోండి. ఇద్దరు డెవలపర్లూ ఒకే అద్దెదారు పేరు చెబుతుంటే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడే అది బయటపడుతుంది.