వెనీలా సీసా స్టవ్ పక్కన వద్దు
చేతికందుతుందని వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ (వెనీలా కాయల సారం) సీసాను స్టవ్ పక్కనే పెట్టేస్తుంటారు చాలామంది. వాసన పోయేది అక్కడే. అసలైన వెనీలా ఎక్స్‌ట్రాక్ట్‌లో సుమారు 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. మూత వదులైతే వేడికి అది ఆవిరైపోతూ సువాసననూ వెంట తీసుకుపోతుంది. ముదురు రంగు సీసాలో పోసి, మూత బిగించి, ఎండ తగలని అలమరలో పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. నిమ్మ, నారింజ ఎక్స్‌ట్రాక్ట్‌లు మాత్రం అంతకాలం నిలవవు, వాటికి చిన్న సీసాలే మేలు.

కేకుకైతే వెన్న, చక్కెర గిలక్కొట్టేటప్పుడే వెనీలా వేసేయండి, వెన్నలోని కొవ్వు దాని సువాసనను బాగా పట్టి ఉంచుతుంది. కస్టర్డ్‌లో అయితే స్టవ్ ఆపాకే. బాదం ఎక్స్‌ట్రాక్ట్‌తో కాస్త జాగ్రత్త, మహా ఘాటు! వెనీలా చెంచాడు వేసే చోట ఇది పావు చెంచాతో మొదలుపెట్టి రుచి చూసుకోండి.