నీతి పాఠం చెప్పడం ఎలా? నాలుగో పాఠం: ఒక్క ముక్క మార్చి అడగండి

పోయిన పాఠం చివర మీకో పని ఇచ్చాను. క్లాసులో ‘తప్పు’ అనే మాట ఎన్ని అర్థాల్లో వినబడుతుందో వారం పాటు రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్ళకు ఈపాటికి విషయం అర్థమయ్యే ఉంటుంది. తెలుగులో లెక్క తప్పినా తప్పే, దారి తప్పినా తప్పే, మాట తప్పినా తప్పే. అందుకే “ఇది తప్పా, కాదా?” అని అడిగితే పిల్లలు ఏ తప్పు గురించి జవాబు చెబుతున్నారో మనకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

నేను ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో పాఠాలు మొదలుపెట్టిన ఏడాది ప్లస్ త్రీ (డిగ్రీ) క్లాసులో “కాపీ కొట్టడం తప్పా?” అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో “తప్పే సార్” అంది. పొంగిపోయాను. నెల తిరక్కుండా, అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాడి చొక్కా చేతి మడతలోంచి చిట్టీ తీశాను. అగ్గిపెట్టెలో పట్టేంత కాగితం, చీమల బారులాంటి అక్షరాలు, సగం ఒడియా, సగం తెలుగు. నిజం చెప్పాలంటే కోపం కంటే ముందు వాడి ఓపికకు ముచ్చటేసింది. తర్వాత ఆలోచిస్తే లోపం నా ప్రశ్నలోనే కనబడింది. జవాబు ముందే తెలిసిపోయిన ప్రశ్న వేశాను. నాకు కావలసింది వాడు చెప్పాడు.

ఈసారి నేర్చుకోవలసిన పని ఒక్కటే. ఒక సంగతి చెప్పి జవాబు తీసుకోవాలి. ఆ సంగతిలో ఒక్క ముక్క మాత్రం మార్చి మళ్ళీ అడగాలి. ఎక్కడ జవాబు మారుతుందో చూసుకోవాలి. ఆ విద్యార్థి పట్టుకున్న అసలు నియమం అక్కడ బయటపడుతుంది.

మన పక్క సంగతే తీసుకుందాం. అటు ఒడిశాలో కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, ఇటు ఆంధ్రలో సాలూరు మండలం. మధ్యలో కొటియా గ్రామాలు 21. మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. ఈ గొడవ మధ్య అక్కడ రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి.

బోర్డు మీద ఇలా రాయండి: “కొటియాలో నలుగురున్న ఇల్లు. రెండు రేషన్ కార్డుల మీదా బియ్యం తెచ్చుకుంటారు. సరేనా?” పక్కనే లెక్క కూడా వేయండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. రెండు చోట్లా అంతే ఇస్తున్నారనుకుంటే 20 రావలసిన ఇంటికి 40 వస్తున్నాయి. అంకెలు కళ్ళ ముందు లేకపోతే చర్చ అయిదు నిమిషాల్లో “గవర్నమెంటే అలా ఉంది సార్” లోకి జారిపోతుంది.

నోరు విప్పే ముందు మూడు నిమిషాలు రాయించండి. ఏ భాషలో రాసినా సరే. మా క్లాసులో సవర తెగ పిల్లలు తెలుగులో అడిగితే బల్ల వంక చూస్తూ కూర్చుంటారు, కాగితం మీద మాత్రం పేజీ నింపుతారు. మా పర్లాకిమిడిలోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి వాళ్ళకు చదువు చెప్పడం కోసం తానే సవర భాష నేర్చుకున్నారు. మనం కనీసం కాగితమైనా ఇవ్వొచ్చు.

ఒకసారి ఒకమ్మాయి లేచి, “మా మనుషులే అని ఇద్దరూ అంటున్నప్పుడు, ఇద్దరూ పెట్టింది తింటే తప్పేంటి సార్?” అంది.

మొదటి మార్పు చేశాను. “ఇల్లు కొటియాలో కాదు, పర్లాకిమిడిలో. రెండో కార్డు ఆంధ్ర వైపు పాతపట్నంలో మేనత్త ఇంటి అడ్రసు మీద తీసుకున్నారు.”

“అది దొంగ కార్డు సార్.”

“బియ్యం అవే, కిలోలు అవే. ఏం మారింది?”

కాసేపు పెన్ను నమిలి, “వీళ్ళు దాచారు. వాళ్ళకు ఆఫీసర్లే వచ్చి ఇచ్చారు” అంది. అంటే ఆ అమ్మాయి పట్టింపు కిలోల మీద కాదు, దాపరికం మీద. అప్పటిదాకా ఆ సంగతి తనకే తెలియదు.

రెండో మార్పు. మళ్ళీ కొటియాకే వచ్చాం. “బియ్యం వదిలేద్దాం. ఆ ఇంట్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. అవీ ఆఫీసర్లు ఇచ్చినవే, ఏదీ దాచలేదు. రెండు చోట్లా ఓటు వేయొచ్చా?”

ఈసారి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో ఒకరు చట్టం ఎత్తుతారు. నిజమే, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ఒకే మనిషి రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదంటుంది. దాన్ని బోర్డు మూల రాసి పెట్టి, “చట్టం ఎందుకలా అంటోంది?” అని అడగండి. లేకపోతే ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది. వెనక బెంచీ కుర్రాడొకడు, “బియ్యం వాళ్ళ కడుపుకే సార్. ఓటు అందరి మీదా పడుతుంది” అన్నాడు. “మరి ఆ రెండో 20 కిలోలు ఎవరి వాటాలోంచి వస్తున్నాయి?” అన్నాను. గంట కొట్టారు. వరండాలో కూడా వాదించుకుంటూనే పోయారు.

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు, నేనూ చేసింది, ఒకేసారి రెండు ముక్కలు మార్చడం. “ఆ ఇల్లు డబ్బున్నది, పైగా బియ్యం అమ్ముకుంటోంది” అన్నారనుకోండి. జవాబు మారుతుంది గానీ ఏ ముక్కకు మారిందో తేలదు. మధ్యలో “మీరేమంటారు సార్?” అని తప్పకుండా అడుగుతారు. గంట కొట్టే దాకా చెప్పకండి. చెబితే నోట్సులో రాసేసుకుంటారు.

మార్కుల మాట. 1958లో అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ తన పరిశోధనలో ఇలాంటి చిక్కులే అబ్బాయిల ముందు పెట్టి, ఏం చెప్పారన్నది కాదు, ఎందుకలా చెప్పారన్నది చూశాడు. మీరూ కారణానికే మార్కులు వేయండి. ఒక జాగ్రత్త. “మేనత్త పిలిచి మరీ ఇచ్చింది, ఎలా కాదంటాం?” అని ఎవరైనా అంటే, అది కారణం కాదని కొట్టేయకండి. 1982లో మరో మనస్తత్వవేత్త కరోల్ గిల్లిగన్ కోల్‌బర్గ్ మీద పెట్టిన ఫిర్యాదు ఇదే. మనుషుల మధ్య బంధాన్ని బట్టి ఆలోచించేవాళ్ళకు కారణాలను కొలిచే ఆయన కొలబద్దలో చోటు చాలలేదంది. నాకైతే ఆ ఫిర్యాదు సబబే అనిపిస్తుంది. మన పిల్లల కారణాల్లో సగం మేనత్తలూ బాబాయిలే.

వచ్చే పాఠానికి పని. భారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ చదవండి. దొంగలు తరుముకొస్తుంటే కొందరు అడవిలో దాక్కుంటారు. సత్యవ్రతం పట్టిన కౌశికుడు, అడిగారు కదా అని ఆ చోటు చూపిస్తాడు. వాళ్ళ ప్రాణాలు పోతాయి, ఈయన నరకానికి పోతాడు. 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఇలాంటి సందర్భంలో కూడా అబద్ధం ఆడకూడదని రాశాడు. ఇద్దరినీ బోర్డు మీద పక్కపక్కన పెట్టి మూడు మార్పులు తయారు చేయండి, ఒక్కో మార్పుకు ఒక్క ముక్కే. మొదటిది నేనిస్తాను: దొంగలు అడగలేదు, ఊరికే ఆయన ముఖంలోకి చూశారు.